కండలు కరుగుతున్నాయి - లెక్క ఎవరు కడతారు?



"పొద్దుందాక సాంచాల మధ్య నిలబడి చేసేవాళ్ళం, మాకు వేరే కసరత్తు ఎందుకు?" ఆరోగ్యం మాట వచ్చినప్పుడల్లా మన కార్ఖానాలలో వినిపించే జవాబు ఇది. యజమానులు ఇదే మాటను తమకు అనుకూలంగా తిప్పి అంటారు: "మీవాళ్ళది ఒళ్ళు వంచే పని. షుగరు, బీపీ కుర్చీలో కూర్చునేవాళ్ళ రోగాలు. మీకు క్యాంటీను ఎందుకు, పరీక్షలు ఎందుకు?" ఈ రెండు మాటలూ తప్పు. షోలాపూరులో గానీ భివండిలో గానీ నలభై దాటిన నేత కార్మికుల మధ్య ఒక పూట కూర్చుంటే చాలు. ఎవరి జేబులో షుగరు మాత్రలున్నాయో, ఎవరికి మెట్లెక్కితే మోకాళ్ళు పట్టేస్తాయో, ఎవరు సైకిలు తొక్కడం మానుకున్నారో తెలిసిపోతుంది.

మన దగ్గర మిల్లు లేదు, మగ్గం లేదు, బ్యాంకులో డిపాజిట్టు లేదు. మనం అమ్ముకునేది కండల శక్తి ఒక్కటే. ఆ కండ ఎలా పని చేస్తుంది, దేనితో బతుకుతుంది, ఎందుకు కరిగిపోతుంది అన్నది డాక్టర్లకే వదిలేయాల్సిన సంగతి కాదని మా అభిప్రాయం. అది పగారుకు, పని గంటలకు సంబంధించిన సంగతి. అందుకే ఈసారి సంపాదకీయం దాని మీద రాస్తున్నాము.

కండ ఒక గోదాము

ఆరోగ్యంగా ఉన్న మగవాని బరువులో సుమారు 40 శాతం కండరాలే. ఆడవారిలో ఇది కొంత తక్కువ. ఈ కండ బరువులెత్తడానికే కాదు. మనం తిన్న అన్నం, రొట్టె అరిగి చక్కెరగా మారి రక్తంలోకి వచ్చినప్పుడు దాన్ని ఎక్కువగా లోపలికి తీసుకునేది కండరమే. తీసుకున్న చక్కెరను గ్లైకోజెన్ అనే రూపంలో దాచుకుంటుంది. పెద్దవారి కండరాలన్నింటిలో కలిపి సుమారు 400 గ్రాములు, కాలేయంలో సుమారు 100 గ్రాములు ఇలా నిలవ ఉంటాయి. కాలేయం తన నిలవను ఒంటికంతా పంచుతుంది. కండరం అలా కాదు. తన సరుకును తానే వాడుకుంటుంది, పక్క కండరానికి కూడా అప్పు ఇవ్వదు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. గోదాములో నుంచి సరుకు బయటికి పోకపోతే కొత్త సరుకు దించడానికి చోటుండదు. లారీలు వాకిట్లోనే నిలిచిపోతాయి. కండరం పని చేసి గ్లైకోజెన్‌ను ఖర్చు పెట్టకపోతే తిన్న చక్కెర రక్తంలోనే తిరుగుతుంటుంది. ఏళ్ళ తరబడి ఇలా జరిగితే వచ్చేదే మనం షుగరు జబ్బు అంటున్నది. భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రకటించిన సర్వే ప్రకారం మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మంది ఈ జబ్బుతో ఉన్నారు. ఇన్ని కోట్ల మంది కుర్చీలో కూర్చునేవారే అయి ఉంటారా?

కండరం తలుపుకు రెండు తాళంచెవులున్నాయి. ఒకటి ఇన్సులిన్. క్లోమం నుంచి వచ్చి తలుపు తీస్తుంది. రెండోది కండరం ముడుచుకుని సాగడం, అంటే పని చేయడం. కండరం కదిలినప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండానే చక్కెర లోపలికి వెళుతుంది. షుగరు ఉన్నవారిలో మొదటి తాళంచెవి సరిగా తిరగదు, రెండోది మాత్రం పని చేస్తుంది. నడక మంచిదని డాక్టర్లు పదే పదే చెప్పేది ఇందుకే. ఒకసారి బాగా శ్రమిస్తే ఆ మేలు ఒకటి రెండు రోజులు నిలుస్తుంది. తర్వాత తగ్గిపోతుంది. కాబట్టి ఆదివారం ఒక్కరోజు పరుగెత్తి మిగిలిన ఆరు రోజులు ఊరుకుంటే చాలదు.

1966లో స్వీడన్‌కు చెందిన బెర్గ్‌స్ట్రోమ్, హుల్ట్‌మన్ అనే ఇద్దరు వైద్యులు తమ మీద తామే ఒక ప్రయోగం చేసుకున్నారు. కదలని సైకిలుకు చెరో పక్క కూర్చుని ఒక్కొక్కరు ఒక్క కాలితోనే అలసిపోయేదాకా తొక్కారు. తర్వాత మూడు రోజులు పిండి పదార్థాలు బాగా తిన్నారు. తొక్కిన కాలి కండలో గ్లైకోజెన్ మామూలు కంటే చాలా పెరిగింది. తొక్కని కాలిలో పెద్దగా మార్పు లేదు. మనిషి ఒక్కడే, తిండి ఒక్కటే, ఒంట్లో పారే రక్తమూ ఒక్కటే. తేడా అంతా పని చేయడంలోనే ఉంది. తిండి, పని రెండూ కలిస్తేనే కండకు బలమని దీనివల్ల తెలుస్తుంది.

కండ కణాలలో మైటోకాండ్రియా అనేవి ఉంటాయి. మిల్లుకు బాయిలరు ఎలాగో కండకు అవి అలాగ. కొవ్వును, చక్కెరను ప్రాణవాయువుతో మండించి శక్తి తీసేది అక్కడే. ఎలుకలను వారాల తరబడి పరుగెత్తించి సాధన చేయిస్తే వాటి కండలో ఈ మండించే శక్తి రెట్టింపు అయిందని అమెరికా శాస్త్రవేత్త జాన్ హొలోసీ 1967లో చూపాడు. కదలిక మానితే ఆ బాయిలర్లు మళ్ళీ తగ్గిపోతాయి.

నిలబడటం కసరత్తు కాదు

అలాగైతే రోజంతా పని చేసే కార్మికుని కండలు ఇనుములా ఉండాలి కదా అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

1953లో లండనులో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు బస్సు కార్మికుల ఆరోగ్యాన్ని పరిశీలించి ఫలితాలు ప్రకటించాడు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే రెండంతస్తుల బస్సులో మెట్లు ఎక్కుతూ దిగుతూ టికెట్లు కోసే కండక్టర్లకు గుండె జబ్బులు తక్కువగా కనిపించాయి. ఇద్దరూ కార్మికులే, ఒకే బస్సులో ఉండేవారే. కదలికకు ఉన్న విలువను ప్రపంచానికి చూపిన మొదటి పెద్ద పరిశీలనలలో ఇది ఒకటి.

కానీ 2021లో డెన్మార్కు నుంచి మరో పరిశీలన వచ్చింది. కోపెన్‌హాగెన్‌లో లక్ష మందికి పైగా జనాన్ని ఏళ్ళ తరబడి గమనించారు. తీరిక వేళలో నడిచేవారికి, ఆడేవారికి గుండె జబ్బులూ మరణాలూ తగ్గాయి. ఉద్యోగంలో ఒళ్ళు హూనం చేసుకునేవారికి అవే పెరిగాయి. పొగాకు, చదువు, ఆదాయం వంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడా కనబడింది. పేదరికం ప్రభావం పూర్తిగా లెక్కకు రాలేదని వాదించే పండితులూ ఉన్నారు. ఆ వాదం ఎలా తేలినా మన అనుభవం మాత్రం ఆ లెక్కకు దగ్గరగానే ఉంది.

కారణం చూడండి. కసరత్తు చేసేవాడు కాసేపు గట్టిగా శ్రమించి, ఆగి, ఊపిరి తీసుకుని, తిని, నిద్రపోతాడు. కండ బలపడేది ఆ విశ్రాంతిలోనే, ఆ తిండితోనే. మన పనిలో శ్రమ ఉంది, మిగిలినవి లేవు. సాంచాల మధ్య మనం వేసేవి నాలుగడుగులు. మిగిలిన సమయమంతా తెగిన పోగు కోసం వంగి నిలబడటమే. అలా నిలబడినప్పుడు కొన్ని కండలు గంటల తరబడి బిగిసే ఉంటాయి, చాలా కండలకు పనే ఉండదు. పిక్కల కండ ముడుచుకుని సాగినప్పుడే కాళ్ళలోని రక్తాన్ని పైకి తోస్తుంది. కదలక నిలబడితే రక్తం కిందే నిలిచి నరాలు ఉబ్బుతాయి. కండె మార్చేటప్పుడు చేయి వేయి సార్లు ఆడినా అది ఒకే చేయి, ఒకే కీలు. ఒళ్ళు అలసిపోతుంది గానీ కండ పెరగదు.

దీనికి తోడు రాత్రి షిఫ్టు. రాత్రి వేళ తిన్న తిండిని ఒళ్ళు పగలు అరిగించుకున్నంత బాగా అరిగించుకోలేదు, రక్తంలో చక్కెర ఎక్కువసేపు నిలుస్తుంది. అమెరికాలో నర్సుల మీద జరిగిన పెద్ద పరిశీలన 2011లో వెలువడింది. మారుతుండే రాత్రి షిఫ్టులు ఎన్ని ఏళ్ళు చేస్తే షుగరు ముప్పు అంత ఎక్కువని అందులో తేలింది. నూలు దుమ్ము సంగతి చెప్పనే అక్కర్లేదు. ఊపిరితిత్తులు బిగుసుకుంటే కండకు ప్రాణవాయువు చాలదు, మనిషి తొందరగా అలసిపోతాడు. సెలవు తర్వాత పనిలోకి వచ్చిన రోజున ఛాతీ పట్టేసినట్లుంటే అది చలువ కాదు, బిస్సినోసిస్ కావచ్చు. వెంటనే ఈఎస్ఐ డాక్టరుకు చూపించుకోవాలి.

కంచంలో ఏముంది?

మన తాతలు తెలంగాణ పల్లెల నుంచి వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న తిండి జొన్నరొట్టె, పప్పు, పల్లీలు. షోలాపూరు గడ్డ మీద కూడా అదే దొరికింది. ఇప్పుడు కార్ఖానా గేటు ముందు దొరికేది వడాపావు, మిర్చి భజ్జీ, చాయ్. పిండి, నూనె, చక్కెర తప్ప అందులో కండకు పనికొచ్చేది స్వల్పం. రోజుకు ఐదు చాయ్‌లు తాగి, ఒక్కొక్కదానిలో రెండు చెంచాల చక్కెర వేసుకుంటే పది చెంచాలు, అంటే 40 గ్రాములకు పైన చక్కెర. ఆకలిని చంపడానికి నోట్లో పొగాకు. వారం పగారు నాటి సాయంత్రం ఏం తాగుతామో విడిగా రాయనక్కరలేదు. సారాయి కండ కట్టుకోవడానికి అడ్డమని మాత్రం గుర్తుంచుకోండి.

కండ మాంసకృత్తులతో కట్టినది. అది రోజూ కొంత కూలుతుంది, రోజూ కొంత కట్టుకుంటుంది. కట్టడానికి ఇటుకలు కావాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం 65 కిలోల మగవానికి రోజుకు 54 గ్రాములు, 55 కిలోల స్త్రీకి సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఇది డబ్బాలలో అమ్మే పొడులతో రావలసిన పని లేదు. 300 గ్రాముల జొన్నపిండిలో 30 గ్రాములు, 60 గ్రాముల కందిపప్పులో 13, పిడికెడు పల్లీలలో 7, ఒక గ్లాసు పాలు లేక పెరుగులో 6 గ్రాముల చొప్పున వస్తాయి. మొత్తం 56. ధాన్యంలో లోపించే అంశం పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువైనది ధాన్యంలో ఉంటుంది. కాబట్టి రెండూ కలిపి తినాలి. గుడ్డు తినేవారికి ఒక్కొక్క గుడ్డుకు ఇంకో 6 గ్రాములు. మన యువకులు కొందరు అప్పు చేసి వేల రూపాయల పొడి డబ్బాలు కొంటున్నారు. అదే డబ్బుతో ఇంటిల్లిపాదికీ నెలంతా పప్పు, పల్లీలు, గుడ్లు వస్తాయని వారికి చెప్పండి.

ఇంటిల్లిపాదికీ అన్నప్పుడు ఒక్క మాట. వైండింగులో చేసే, ఇంట్లో బీడీలు చుట్టే మన అక్కచెల్లెళ్ళు అందరి తర్వాత మిగిలింది తింటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తంలో ఇనుము లేకపోతే కండకు ప్రాణవాయువు చేరదు. ఇంట్లో పప్పు, గుడ్డు, ఆకుకూర అందరికీ సమానంగా వడ్డించాలి. అన్నంతోపాటే చాయ్ తాగితే ఇనుము ఒంటికి పట్టదు, కనీసం గంట ఆగాలి. నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది.

మన చేతిలో ఉన్నవి

అన్నీ యజమాని ఇవ్వాలని కూర్చుంటే ఒళ్ళు ఆగదు. పెద్ద ఖర్చు లేకుండా చేయగలిగినవి ఇవి. తిన్న తర్వాత పది పదిహేను నిమిషాలు నడవండి. భోజనం తర్వాత పెరిగే చక్కెరను ఇది అప్పటికప్పుడే తగ్గిస్తుంది. పని మధ్యలో గంటకోసారి మునివేళ్ళ మీద ఇరవై సార్లు లేచి దిగండి, పిక్కలలో రక్తం కదులుతుంది. వారానికి రెండు మూడు రోజులు బస్కీలు, గోడకు చేతులానించి దండీలు తీయండి. మన పెద్దలు తాలీంలో నేర్చుకున్నవే ఇవి, కొత్తవి కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన కొలత కూడా దీనికి దగ్గరే: వారానికి 150 నిమిషాలకు తగ్గకుండా చురుకైన నడక, రెండు రోజులు బలం పెంచే కసరత్తు.

"యాభై దాటింది, ఇప్పుడెందుకు" అనేవారికి ఒక సంగతి. 1990లో అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో సగటున తొంభై ఏళ్ళున్న పది మందితో 8 వారాలు కాళ్ళ కసరత్తు చేయించారు. వారి కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైలో పెరిగినది యాభైలో పెరగదా? అయితే ఛాతీ నొప్పి ఉన్నవారు, ఇన్సులిన్ తీసుకునేవారు, క్షయకు మందులు వాడేవారు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. ఖాళీ కడుపుతో, పన్నెండు గంటల షిఫ్టు దిగిన వెంటనే ఎవరూ చేయరాదు.

పగారు లెక్కలో కండ

ఇక అసలు లెక్కకు వద్దాము. 1957లో 15వ భారత కార్మిక మహాసభ కనీస వేతనాన్ని అవసరాల ప్రకారం కట్టాలని తీర్మానించింది. ఒక్కొక్క యూనిట్‌కు రోజుకు 2700 కేలరీల తిండి, కార్మికుడు, భార్య, ఇద్దరు పిల్లలు కలిసి 3 యూనిట్లు, ఏడాదికి తలకు 18 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం, ఇతర ఖర్చులకు 20 శాతం. ఈ 2700 అంకె డాక్టర్ ఐక్రాయిడ్‌ది. ఆయన కూనూరులోని పోషకాహార పరిశోధనాలయానికి డైరెక్టరుగా పని చేసినవాడు. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదుకు మారి ఇవాళ జాతీయ పోషకాహార సంస్థ అయింది. పిల్లల చదువు, వైద్యం, ముసలితనం వంటి వాటికి ఇంకో 25 శాతం కలపాలని 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

కేంద్రం వేసిన నిపుణుల కమిటీ ఈ 2700 కేలరీలను 2400కు తగ్గించమని 2019లో సిఫారసు చేసింది. అందులో మంచి కూడా ఉంది, దాచము. 50 గ్రాముల మాంసకృత్తులు, 30 గ్రాముల కొవ్వు ఉండాలన్నారు, కుటుంబాన్ని 3 యూనిట్లకు బదులు 3.6గా లెక్కించమన్నారు. పాత లెక్కలో కుటుంబానికి 8100 కేలరీలు, కొత్త లెక్కలో 8640. కుటుంబం కుండ కొంచెం పెరిగింది గానీ కష్టం చేసేవాని కంచం తగ్గింది. దేశంలో జనం ఒళ్ళు కష్టపెట్టడం తగ్గిందన్నది దీనికి వారు చూపే కారణం. ఏ జనం? పోషకాహార సంస్థ 2020 లెక్కలోనే మధ్యరకం శ్రమ చేసే మగవానికి 2710, కఠిన శ్రమ చేసేవానికి 3470 కేలరీలు కావాలని ఉంది. సాంచా కార్మికుడు ఈ రెండింటిలో ఎక్కడున్నాడో వచ్చి చూసి చెప్పమనండి. మా మాట ఒక్కటే: 2700 తగ్గించవద్దు, 3.6 యూనిట్లు ఉంచండి. అప్పుడు కుటుంబానికి 9720 కేలరీలు. మాంసకృత్తుల లెక్క దానికి కలిపి, ఆ తిండి ధర బజారులో ఎంతో అంతా పగారులో రావాలి.

మరో వైపు 2025 సెప్టెంబరులో మహారాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీలలో రోజువారీ పరిమితిని 9 గంటల నుంచి 12 గంటలకు పెంచడానికి, మొదటి విరామాన్ని 5 గంటల తర్వాత కాక 6 గంటల తర్వాత ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. కార్మికుని రాతపూర్వక సమ్మతి ఉండాలన్నారు. అప్పులో ఉన్నవాని సమ్మతి ఎలాంటిదో మనకు తెలియదా? ఆరు గంటలు ఆగకుండా నిలబెట్టి, నడవడానికి అరగంట కూడా మిగలనీయకుండా చేసి, ఆ తర్వాత "మీ షుగరు మీ నిర్లక్ష్యం" అంటే సంఘం ఒప్పుకోదు.

అందుచేత వేతన చర్చలలో ఈ కోరికలు కూడా పెట్టాలని శాఖలన్నింటినీ కోరుతున్నాము:

1. క్యాంటీను. 1948 ఫ్యాక్టరీల చట్టం 250 మందికి మించిన చోట అన్నది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడు ఆ సంఖ్యను 100కు దించింది. ఒకే కప్పు కింద ఉన్న సాంచాలను నాలుగు పేర్ల మీద రాసి తప్పించుకోవడం ఆగాలి. క్యాంటీనులో వడలే కాదు, రొట్టె, పప్పు, గుడ్డు దొరకాలి.

2. నిలబడి పని చేసేవారికి అవకాశం దొరికినప్పుడు కూర్చోవడానికి బల్లలు. ఇది చట్టంలో ఉన్నదే, కొత్తగా అడుగుతున్నది కాదు.

3. ఐదు గంటలకు మించకుండా అరగంట విరామం, ఆ సమయంలో పగారు కోత లేకుండా.

4. నలభై దాటిన ప్రతివారికీ, రాత్రి షిఫ్టు చేసే అందరికీ ఏడాదికోసారి షుగరు, రక్తం, ఊపిరితిత్తుల పరీక్ష. ఖర్చు యాజమాన్యానిది.

సాంచా అరిగితే సేఠు విడిభాగం తెప్పిస్తాడు, బేరింగుకు నూనె వేయిస్తాడు, ఆ ఖర్చు లెక్కల పుస్తకంలో రాసుకుంటాడు. సాంచా నడిపేవాని కండ అరిగితే ఆ ఖర్చు ఏ పుస్తకంలోనూ ఉండదు. ఇంట్లో భార్య గాజుల మీద, పిల్లవాని చదువు మీద పడుతుంది. ఆ ఖర్చును లెక్కల పుస్తకంలోకి ఎక్కించడమే సంఘం పని. అందాకా మీ కంచంలో పప్పు తగ్గనివ్వకండి, మీ కాళ్ళకు నడక మాననివ్వకండి, ఇంట్లో ఆడవారికి ముందు వడ్డించండి. శాఖా సమావేశాలలో ఈ నాలుగు కోరికలను చర్చించి, మీ కార్ఖానాలో వీటిలో ఏవి అమలులో ఉన్నాయో, ఏవి లేవో రాసి సంఘం కార్యాలయానికి పంపండి.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!